గట్టు లోపలి లెక్క, గట్టు బయటి ప్రశ్న

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు చాలా ఊళ్ళలో నాట్లు వేయలేదు. గోదావరిలో నీళ్ళు లేక కాదు, విత్తనం దొరక్క కాదు. కూలి రేట్లు, ఎరువుల ధరలు, కోత ఖర్చులు పెరిగిపోయాయి. అంతకుముందు పండిన ధాన్యాన్ని మద్దతు ధరకు కొనే నాథుడు లేడు. మురుగు కాలవలు పూడిపోయి చేలు ముంపులో ఉంటున్నాయి. సాగు చేసి నష్టపోవడం కన్నా చేయకుండా కూర్చోవడమే నయమని లెక్క తేల్చుకుని ‘పంట విరామం’ ప్రకటించారు. దీన్ని పరిశీలించడానికి ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది.

అర్థశాస్త్రంలో దీనికి అచ్చంగా సరిపోయే పాఠం ఒకటుంది. అమ్మకం ధర సగటు చర వ్యయానికి కూడా చాలనప్పుడు ఉత్పత్తి ఆపేయడమే మేలు. మన దగ్గర రెండు రకాల డిగ్రీ విద్యార్థులు ఈ పాఠం చదువుతారు. బి.ఏ. ఎకనామిక్స్ విద్యార్థి సూక్ష్మ అర్థశాస్త్రం పేపర్లో సంపూర్ణ పోటీ కింద చదువుతాడు. గ్రాఫు గీస్తాడు, వక్రరేఖలు కలిసే చోట చుక్క పెడతాడు. అతని పాఠంలోని సంస్థకు పేరుండదు, ఊరుండదు. బి.ఎస్సీ. అగ్రికల్చర్ విద్యార్థి ఇదే నియమాన్ని పొలం యాజమాన్యం కోర్సులో చదువుతాడు. అక్కడ సంస్థ అంటే కమతం. విత్తనం, ఎరువు, కూలి అనే పద్దులతో పట్టిక వేసి, ఎకరాకు చర వ్యయం ఎంతో చూపిస్తాడు. మొదటివాడి దగ్గర సిద్ధాంతం ఉంది కానీ చేను లేదు. రెండోవాడి దగ్గర చేను ఉంది. అయితే ఆ విరామం ఎవరు ప్రకటించారు, నాట్లు లేని ఆ మూడు నెలలు నాట్ల కూలికి వెళ్ళే ఆడవాళ్ళు ఏం తిన్నారు, భూమి బీడు పెట్టమని భూస్వామి అన్నప్పుడు కౌలుదారు మాట చెల్లిందా అనే ప్రశ్నలు అతని పట్టికలో ఏ గడిలోనూ పట్టవు.

డిగ్రీ స్థాయిలో వ్యవసాయ అర్థశాస్త్రమే ప్రధాన విషయంగా చదవాలంటే మన రెండు రాష్ట్రాల్లో మామూలు విద్యార్థికి దారి లేదు. ఆ శాస్త్రం రెండు ముక్కలై రెండు చోట్ల ఉంది. ఒక ముక్క వ్యవసాయ కళాశాలలో, ఒక ముక్క ఊళ్ళోని డిగ్రీ కాలేజీలో. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాల్సిన అవసరం ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. రైతు ఆదాయం గురించి, మద్దతు ధర గురించి, కౌలు గురించి మన రాష్ట్రాల్లో రేపు మాట్లాడవలసిన వాళ్ళు ఈ రెండు తరగతి గదుల్లోనే తయారవుతున్నారు.

ముందు ఎవరు చేరుతున్నారో చూద్దాం. బాపట్ల, రాజేంద్రనగర్, తిరుపతి, జగిత్యాల లాంటి చోట్ల ఉన్న వ్యవసాయ కళాశాలలకు బైపీసీ చదివి ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు వెళతారు. వాళ్ళలో చాలామంది ముందు ఎంబీబీఎస్ కోసం ప్రయత్నించినవాళ్ళు. భూమి ఉన్న రైతు కుటుంబాల పిల్లలకు కోటా ఉంది. అది మంచి ఏర్పాటే. పొలం తెలిసిన పిల్లలు తరగతిలో ఉంటే పాఠం మారుతుంది. కానీ అర్థశాస్త్రం దృష్టితో చూస్తే ఒక ఇబ్బంది ఉంది. లెక్కలు పదో తరగతితో వదిలేసిన పిల్లలు వీళ్ళు. ఉత్పత్తి ఫలాన్ని, ఉపాంత ఉత్పత్తిని పట్టికలతో, బొమ్మలతో చెప్పుకుంటూ పోవాలి తప్ప కలన గణితం జోలికి వెళ్ళడం కష్టం. ఇక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ బి.ఏ. గదిలో హెచ్‌ఈసీ, సీఈసీ పిల్లలుంటారు. లెక్కల విషయంలో వాళ్ళ పరిస్థితీ అంతే. అయితే ఆ బెంచీల మీద కౌలు రైతుల పిల్లలు, ఉపాధి హామీ పనికి వెళ్ళే తల్లుల పిల్లలు ఎక్కువగా కనిపిస్తారు. వ్యవసాయంలో భూమి లేనివాడి అనుభవం ఏ గదిలో ఉందంటే ఈ గదిలోనే ఉంది. ఆ అనుభవాన్ని పాఠంగా మార్చే సిలబస్ మాత్రం ఈ గదిలో లేదు.

వ్యవసాయ కళాశాలలో అర్థశాస్త్రానికి దక్కే చోటు చిన్నది. ఐదో డీన్ల కమిటీ ఖరారు చేసిన పాఠ్యప్రణాళికలో ప్రాథమిక వ్యవసాయ అర్థశాస్త్రం, వ్యవసాయ పరపతి-సహకారం, మార్కెటింగ్-వాణిజ్యం-ధరలు, పొలం యాజమాన్యం అనే నాలుగు కోర్సులుండేవి. అన్నీ కలిపి పది క్రెడిట్లు. మిగతా నాలుగేళ్ళూ సస్యశాస్త్రం, నేలలు, కీటకాలు, తెగుళ్ళు, ప్రజననం. ఇది లోపమని నేననను. నిజానికి ఈ డిగ్రీ బలం ఇక్కడే ఉంది. యూరియా బస్తా ధర పెరిగితే రైతు ఎంత తగ్గించి వేస్తాడో, తగ్గిస్తే దిగుబడి ఎంత పోతుందో ఊహించడానికి నత్రజని పైరులో ఏం చేస్తుందో తెలిసుండాలి. బి.ఏ. విద్యార్థికి ‘ఉత్పాదకం’ అనేది ఒక అక్షరం. అగ్రికల్చర్ విద్యార్థికి అది చేతికి అంటుకునే పదార్థం. పది క్రెడిట్ల అర్థశాస్త్రమైనా అది తడి నేల మీద నిలబడి నేర్చుకున్నది.

బి.ఏ.లో వ్యవసాయం ప్రధానంగా భారత ఆర్థిక వ్యవస్థ పేపర్లో ఒక యూనిట్‌గా వస్తుంది. భూసంస్కరణలు, హరిత విప్లవం, గ్రామీణ పరపతి, మద్దతు ధర, ఆహార భద్రత అనే వరసలో సాగుతుంది. పరీక్షకు ‘హరిత విప్లవ ఫలితాలను విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అనే ప్రశ్న ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అందులో విమర్శ ఉంటుంది, పరిశీలన ఉండదు. వరి మొక్కను పొట్ట దశలో గుర్తుపట్టలేని విద్యార్థి కూడా ఆ జవాబుకు మంచి మార్కులు తెచ్చుకోగలడు. అయినా ఆ యూనిట్‌లో ఒక గొప్ప సంగతి దాగి ఉంది. భూమి ఎవరిది, మిగులు ఎవరికి పోతోంది, రాజ్యం ఎటువైపు నిలబడింది అని అడిగే అలవాటు ఆ పాఠాల్లోనే బతికి ఉంది.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే రెండు చదువులూ ఇంకా బాగా అర్థమవుతాయి. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అమెరికాలోని ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాలు నమూనాగా నిలిచాయి. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ సహకారం అందించింది. పొలం యాజమాన్యం అనే కోర్సు వెనక అయోవాకు చెందిన ఎర్ల్ హెడీ ఆలోచన ఉంది. ఆయన పుస్తకం 1952లో వచ్చింది. ఉన్న వనరులను ఏ పంటకు ఎంత కేటాయిస్తే ఎక్కువ లాభం అని నిర్ణయించే మేనేజరు అందులోని రైతు. ఆ అయోవా మొక్కజొన్న రైతు ఒక గొప్ప ఊహ. అతనికి ట్రాక్టరుంది, బ్యాంకుంది, నిర్ణయించే స్వేచ్ఛ ఉంది. మన పాఠంలోకి అతను వచ్చి కూర్చున్నాక, ఏ పంట వేయాలో భూస్వామి చెబితే వేసేవాడు, పురుగుమందుల దుకాణం వాడు అప్పుగా ఏ మందు ఇస్తే అది కొట్టేవాడు ఆ కుర్చీలో ఇమడలేదు.

బి.ఏ. వంశం వేరు. మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర ఆచార్యుడిగా ఉన్న గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థులను పల్లెలకు పంపి, ఇంటింటి వివరాలు రాయించి, 1918లో దక్షిణ భారత గ్రామాల మీద పుస్తకం తెచ్చాడు. కాలేజీ కుర్రాళ్ళు సెలవుల్లో ఊళ్ళకు వెళ్ళి కమతాలు, అప్పులు, కూలి, తిండి లెక్క రాసుకున్నారు. అర్థశాస్త్రం చదివిన మరో మనిషి, నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా, ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో అర్థశాస్త్రం బోధించారు. పల్లెల ఆర్థిక నిర్మాణం మీద పుస్తకం రాశారు. 1996లో వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. పల్లెకు నడిచి వెళ్ళే అలవాటుతో మొదలైన ఆ చదువు ప్రణాళికల కాలం వచ్చేసరికి ఢిల్లీ నుంచి వచ్చే నివేదికలు చదివే చదువుగా మారిపోయింది. రెండు వంశాల్లో దేని నష్టం పెద్దదని అడిగితే బి.ఏ.దే అంటాను. అగ్రికల్చర్ డిగ్రీకి ఎన్నడూ లేని ప్రశ్నను అది ఇప్పటికీ అడగడం లేదు, అంతే. బి.ఏ. మాత్రం తన చేతిలో ఉన్న పద్ధతిని జారవిడుచుకుంది.

ఈ రెండు చదువుల వాళ్ళూ కలిసి పనిచేస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ మన చరిత్రలోనే ఉంది. 1950లలో ఫార్మ్ మేనేజ్‌మెంట్ స్టడీస్ పేరుతో దేశంలో కొన్ని జిల్లాల్లో కమతాల వారీగా ఖర్చులూ ఆదాయాలూ సేకరించారు. ఆ దశాబ్దం చివర్లో మన పశ్చిమ గోదావరి కూడా ఆ పరిశీలనలో చేరింది. పొలం లెక్క తెలిసినవాళ్ళు పోగుచేసిన ఆ అంకెలను అమర్త్యసేన్ 1962లో ముందుపెట్టుకుని, చిన్న కమతంలో ఎకరాకు దిగుబడి ఎక్కువ కనిపిస్తోందే, కారణమేమిటని అడిగాడు. కుటుంబ శ్రమకు, కూలి శ్రమకు మధ్య తేడాలో జవాబు వెతికాడు. దాని మీద ఏళ్ళ తరబడి చర్చ సాగింది. కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన సి.హెచ్. హనుమంతరావు అదే రకం అంకెలతో పనిచేసి, కొత్త సాంకేతికత వల్ల వచ్చిన లాభాలు ఎవరెవరికి ఎలా పంపిణీ అయ్యాయో 1975 నాటి పుస్తకంలో విప్పి చెప్పారు. భూసంస్కరణల చట్టాలకు ఆధారంగా నిలిచిన వాదాల్లో ఈ చర్చకు చోటుంది. పొలంలో రాసిన అంకె, బయట నిలబడి వేసిన ప్రశ్న రెండూ లేకపోతే అది పుట్టేదే కాదు.

ఇప్పుడు రెండు చదువులూ విడిపోయిన చోటుకు వస్తాను. అది సాగు ఖర్చు పట్టిక.

అగ్రికల్చర్ విద్యార్థి ప్రాక్టికల్ రికార్డులో దీన్ని స్వయంగా వేస్తాడు. ఏ1 అంటే సొంత భూమి ఉన్న రైతు చేతి నుంచి పోయే ఖర్చులు: కూలి, ఎడ్లు, యంత్రాలు, విత్తనం, ఎరువు, పురుగుమందు, నీటి తీరువా, శిస్తు, పనిముట్ల తరుగుదల, పెట్టుబడి మీద వడ్డీ. దానికి చెల్లించిన కౌలు కలిపితే ఏ2. ఏ1కు సొంత స్థిర పెట్టుబడి మీద వడ్డీ కలిపితే బీ1, దాని మీద సొంత భూమి అద్దె విలువ, కట్టిన కౌలు కూడా కలిపితే బీ2. కుటుంబ శ్రమ విలువ చేరిస్తే సీ2. 1970-71లో మొదలైన కేంద్ర పథకం కింద మన రాష్ట్రంలో ఈ లెక్కలు సేకరించేది వ్యవసాయ విశ్వవిద్యాలయమే. ఊరి సమూహానికి ఒక క్షేత్ర సహాయకుడు, ఐదు కమతాల తరగతుల్లో ఒక్కో తరగతికి ఇద్దరు చొప్పున పదిమంది రైతులు. ఏ రోజు ఎవరు ఎన్ని గంటలు పని చేశారో ఏడాది పొడవునా రాస్తారు. ఇంత ఓపికగా సేకరించే లెక్క ప్రపంచంలో అరుదు. అగ్రికల్చర్ విద్యార్థికి ఈ యంత్రాంగం తన ఇంట్లోనే ఉంది. బి.ఏ. విద్యార్థికి మద్దతు ధర అంటే కేంద్ర మంత్రివర్గం ప్రకటించే ఒక అంకె.

2018-19 ఖరీఫ్‌కు సాధారణ వరి మద్దతు ధర క్వింటాలుకు 1,750 రూపాయలు. ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇస్తామని ఆ ఏడాది బడ్జెట్లో చెప్పారు. ఏ2కు కుటుంబ శ్రమ కలిపి కేంద్ర వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ లెక్కగట్టిన ఖర్చు 1,166. దానికి ఒకటిన్నర రెట్లు 1,749. మాట నిలబెట్టుకున్నట్టే. కానీ అదే కమిషన్ లెక్కలో సీ2 ఖర్చు 1,560. దాని మీద యాభై శాతం కలిపితే 2,340. రైతు సంఘాలు అడుగుతున్నది ఇదే. తేడా 590 రూపాయలు. బి.ఏ. విద్యార్థి ఈ వివాదాన్ని వార్తల్లో చదివి ‘రైతులకు అన్యాయం’ అని రాస్తాడు, కానీ ఆ 590 ఏ పద్దుల్లోంచి వచ్చిందో విడదీయలేడు. అగ్రికల్చర్ విద్యార్థి చకచకా విడదీస్తాడు. సొంత భూమి అద్దె, సొంత పెట్టుబడి మీద వడ్డీ అంటాడు. ఇవి ఊహించి వేసిన ఖర్చులు, జేబులోంచి పోయినవి కావని కూడా అంటాడు. ఆ మాట భూమి ఉన్నవాడి విషయంలో నిజం.

కౌలుదారు విషయంలో అది తలకిందులు. ఎకరాకు ముప్పై బస్తాలు పండే డెల్టా చేనులో పన్నెండు బస్తాలు కౌలు అనుకుందాం. డెబ్బై ఐదు కిలోల బస్తా లెక్కన పంట ఇరవై రెండున్నర క్వింటాళ్ళు, కౌలు తొమ్మిది క్వింటాళ్ళు. 1,750 ధర కడితే కౌలు విలువ 15,750 రూపాయలు. పండిన ప్రతి క్వింటాలు మీద 700 రూపాయల భారం. ఇది ఊహ కాదు, కల్లంలోనే కొలిచి ఇచ్చే ధాన్యం. మరి ఏ2లో కట్టిన కౌలు కలుస్తుంది కదా అంటారు. కలుస్తుంది, కానీ సగటులో కలుస్తుంది. నమూనాలో ఎక్కువ కమతాలు సొంత భూములే అయినప్పుడు కౌలుదారులు కట్టిన మొత్తం అందరి క్వింటాళ్ళ మీదా పరుచుకుని పలచబడిపోతుంది. 1,166లో కొంత కౌలు ఉండనే ఉంది కనుక మన 700ను దానికి నేరుగా కూడడం తప్పు. అయినా ఒక్క కౌలే 1,166లో సగానికి మించి ఉందంటే ఆ సగటు కౌలుదారు బతుకును చూపించడం లేదని చెప్పడానికి చాలు. అతని అసలు ఖర్చు ఏ2 దగ్గర కాదు, సీ2 దగ్గర ఉంది.

ఒకసారి పశ్చిమ గోదావరిలో ఒక ఊరి అరుగు మీద ఇది కళ్ళారా చూశాను. వ్యవసాయ కళాశాల నుంచి గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమానికి వచ్చిన ఒక అమ్మాయి షెడ్యూలు నింపుతోంది. సొంత భూమి అద్దె విలువ ఎంత ఉంటుందండీ అని అడిగింది. ఎదురుగా కూర్చున్న నడివయసు మనిషి, “సొంత భూమెక్కడుందమ్మా నాకు? పన్నెండు బస్తాలు కౌలు కొలుత్తున్నాను, అది రాయమ్మా” అన్నాడు. రాసింది. ఆయన ఊరుకోలేదు. “ఇది గవర్నమెంటోళ్ళ లెక్కలోకి వత్తాదా?” అన్నాడు. “మా సార్‌ని అడిగి చెప్తానండీ” అంది ఆ అమ్మాయి. ఎంతో శ్రద్ధగా, నీటైన చేతిరాతతో నింపిన షెడ్యూలు అది. కౌలు అంకె సరైన గడిలోనే ఉంది. ఆ గడి ఎందుకు చిన్నదైపోతుందో చెప్పే పాఠం మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ పాఠం బి.ఏ. వైపు ఉంది. కౌలు మీద 1950 తెలంగాణ చట్టం, 1956 ఆంధ్ర చట్టం, 2011 నాటి రుణ అర్హత కార్డుల చట్టం, 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం, ఇన్ని చట్టాలున్నా కౌలు ఒప్పందం నోటి మాటగానే ఎందుకు ఉండిపోతోందో అడిగే శిక్షణ అక్కడిది. కాగితం మీద పెడితే భూమి పోతుందన్న భయం యజమానిది, కాగితం అడిగితే వచ్చే ఏడు భూమి ఇవ్వడన్న భయం సాగుదారుది. 2019 చట్టం కార్డుకు యజమాని సంతకమే అడిగింది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకు అందింది, కౌలుదారుకు అందలేదు. సాయం భూమికి ముడిపడితే అది కౌలు రేటులోకి ఎక్కుతుందా అనే ప్రశ్న బి.ఏ. విద్యార్థి అడగగలడు. రికార్డో భాటకం చదివినవాడికి ఆ అనుమానం రావాలి కూడా. కానీ ఊరికి వెళ్ళి, సాయం రాకముందు ఎన్ని బస్తాలు, వచ్చాక ఎన్ని బస్తాలు అని రాసుకుని రావడం అతనికి ఎవరూ నేర్పలేదు.

కుటుంబ శ్రమ పద్దు దగ్గర ఇలాంటిదే మరొకటి ఉంది. పొలం యాజమాన్యం రికార్డుల్లో పనిని పురుష పనిదినాలుగా మార్చడం రివాజు. మగవాడి ఎనిమిది గంటలు ఒక దినం. ఆడమనిషి ఎనిమిది గంటలకు మామూలుగా ముప్పావో అంతకన్నా తక్కువో కడతారు. కూలి రేట్ల తేడాను బట్టి ఈ లెక్క అంటారు. వరిలో నాట్లు, కలుపు ఎవరు చేస్తారో తెలిసిన విద్యార్థి కూడా ఆ గుణకాన్ని ప్రశ్న లేకుండా వేసి ముందుకు పోతాడు. వేతనాల్లో స్త్రీ పురుష వివక్ష మీద పది పేజీలు రాయగల బి.ఏ. విద్యార్థినికి, ఆ వివక్ష ఒక గుణకం రూపంలో పట్టికలోకి ఎలా దూరిందో చూసే అవకాశమే రాదు. ఈ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఆ గుణకం నిలవదని నా నమ్మకం.

మార్కెట్ పాఠం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అగ్రికల్చర్ విద్యార్థి గుంటూరు మిర్చి యార్డు చూస్తాడు. టిక్కీల మధ్య నడుస్తాడు, నమూనా తీసి ధర చెప్పే పద్ధతి చూస్తాడు, వినియోగదారు రూపాయిలో రైతు వాటా ఎంతో లెక్క కడతాడు. బి.ఏ. విద్యార్థి 2020 సాగు చట్టాలు ఎందుకు వచ్చాయో, 2021లో ఎందుకు రద్దయ్యాయో చదువుతాడు. ఈ విషయంలో అగ్రికల్చర్ వైపే మొగ్గు. యార్డు చూడకుండా మార్కెట్ సంస్కరణ గురించి మాట్లాడడం గాలిలో మాట.

అగ్రికల్చర్ వైపు ఉన్న గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమాన్ని మాత్రం కాస్త నిలిచి చూడాలి. చివరి ఏడాది విద్యార్థులు వారాల తరబడి ఊళ్ళో ఉంటారు. వీధిలో రంగుల ముగ్గుపొడితో ఊరి పటం వేస్తారు. చెరువు, గుడి, పాఠశాల, ఏ వాడ ఎటు ఉందో ఊరివాళ్ళ చేత చెప్పించుకుని గీస్తారు. మన ఉన్నత విద్యలో ఇంతటి మంచి ఏర్పాటు మరొకటి లేదు. దాని పరిమితి ఆతిథ్యంలో ఉంది. విద్యార్థిని ఒక రైతుకు అప్పగిస్తారు. ఆ పనికి సాధారణంగా చదువూ తీరికా ఉన్న అభ్యుదయ రైతునే ఎంచుకుంటారు. విద్యార్థి ఆయన చేలో, ఆయన కళ్ళతో వ్యవసాయం చూస్తాడు. పటంలో దళితవాడ ఉంటుంది. ఆ వాడలో మకాం ఉండదు.

బి.ఏ. వైపు ఇటీవల ఒక తలుపు తెరుచుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ విద్యార్థులకు మొదటి ఏడాది తరువాత సమాజ సేవా ప్రాజెక్టు, ఆ తరువాత ఇంటర్న్‌షిప్పులు తప్పనిసరి చేశారు. ఒక శతాబ్దం తరువాత అర్థశాస్త్ర విద్యార్థి మళ్ళీ ఊళ్ళోకి వచ్చాడు. కానీ చేతిలో ఉన్న ప్రశ్నావళి పేలవం. మరుగుదొడ్డి ఉందా, రేషన్ కార్డు ఉందా, ఏ పథకం అందింది అన్న దగ్గరే ఆగిపోతుంది.

అమెరికాలో ఈ డిగ్రీ నిండుగా ఉందని, అక్కడికి వెళితే చాలని అనుకునేవాళ్ళున్నారు. అక్కడా కథ మరో మలుపు తిరిగింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు వారెన్ బృందం ఇథాకా చుట్టుపక్కల పల్లెల్లో చేసిన కమతాల సర్వేను 1911లో ప్రచురించింది. అదే విశ్వవిద్యాలయంలో వ్యవసాయ అర్థశాస్త్ర శాఖ పెరిగి పెరిగి ఇప్పుడు డైసన్ స్కూల్‌గా, వ్యాపార కళాశాలలో భాగంగా ఉంది. డిగ్రీ పేరులో వ్యవసాయం లేదు. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ, వనరుల అర్థశాస్త్ర శాఖే నడిపే డిగ్రీని మేనేజీరియల్ ఎకనామిక్స్ అంటారు. రైతులు తక్కువగా, వ్యవసాయ వ్యాపారం భారీగా ఉన్న సమాజానికి అది సరిపోవచ్చు. జనాభాలో పెద్ద భాగం ఇంకా చేల మీద బతికే మనకు ఆ దారి అరువు తెచ్చుకోదగ్గది కాదు.

ఇక్కడ ఒక గోడ గురించి తప్పక చెప్పాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో వ్యవసాయ అర్థశాస్త్రం ఎమ్మెస్సీ చదవాలంటే అగ్రికల్చర్ డిగ్రీ ఉండాలి. బి.ఏ. ఎకనామిక్స్‌లో ఎంత బాగా చదివినా ఆ తలుపు మూసే ఉంటుంది. అగ్రికల్చర్ విద్యార్థి మాత్రం కావాలంటే ఎం.ఏ. ఎకనామిక్స్ ప్రవేశ పరీక్ష రాసుకోవచ్చు. ఇది న్యాయం కాదు, శాస్త్రానికి మేలూ కాదు. ఆ గోడకు రెండు వైపులా ఉన్నవాళ్ళు చివరికి కలిసేది నాబార్డు గ్రేడ్-ఏ కోచింగ్ హాల్లో. ఆ పరీక్షలో ఆర్థిక, సామాజిక సమస్యలకు కొన్ని మార్కులు, వ్యవసాయ గ్రామీణాభివృద్ధికి కొన్ని మార్కులు. అగ్రికల్చర్ విద్యార్థి మొదటిదాని గైడు కొంటాడు, బి.ఏ. విద్యార్థి రెండోదాని గైడు కొంటాడు. నాలుగేళ్ళలో విశ్వవిద్యాలయాలు కలపలేని రెండు ముక్కలను కోచింగ్ సెంటరు నాలుగు నెలల్లో బట్టీ పట్టిస్తోంది.

కొత్త డిగ్రీ పెట్టమని అడగడం తేలిక. అది వచ్చేలోపు ఉన్న రెండింటితోనే చేయగలిగినవి ఉన్నాయి. తిరుపతిలో వ్యవసాయ కళాశాల, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఒకే ఊళ్ళో ఉన్నాయి. బాపట్లలో, జగిత్యాలలో వ్యవసాయ కళాశాలకు దగ్గర్లో డిగ్రీ కాలేజీలున్నాయి. ఒక సెమిస్టరు పాటు రెండు తరగతుల నుంచి ఇద్దరిద్దరు చొప్పున జట్లు కట్టి, ఒకే ఊళ్ళో పది కమతాలు ఎంచుకుని ఖర్చు పట్టిక వేయించవచ్చు. ఆ పదిలో కనీసం నాలుగు పూర్తి కౌలు కమతాలు ఉండాలి, సొంతదార్ల సగటుతో వాటిని కలపకుండా విడిగా చూపాలి. కుటుంబ శ్రమను స్త్రీలకు, పురుషులకు వేరువేరు గంటల్లో రాయాలి. కౌలు గత మూడేళ్ళలో ఎన్ని బస్తాలు పెరిగిందో, ఆ ఊరికి ఏ సాయం ఎప్పుడు వచ్చిందో పక్కపక్క వరుసల్లో పెట్టాలి. రెండు కళాశాలల అధ్యాపకులు కలిసి మార్కులు వేయాలి. సమాజ సేవా ప్రాజెక్టు గంటలు బి.ఏ. వైపు ఎలాగూ ఉన్నాయి, గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం అగ్రికల్చర్ వైపు ఎలాగూ ఉంది. తేదీలు కలిపితే చాలు, కొత్త నిధులు అక్కర్లేదు. దీంతో పాటు వ్యవసాయ అర్థశాస్త్రం ఎమ్మెస్సీలో కొన్ని సీట్లు బి.ఏ. ఎకనామిక్స్ వాళ్ళకు తెరిచి, నేలలు, సస్యశాస్త్రం మీద మొదటి ఏడాదిలో రెండు పూరక కోర్సులు పెట్టాలి. ఆ నిర్ణయం తీసుకోవలసింది విశ్వవిద్యాలయాల విద్యా మండళ్ళు.